రుచి చూసి చెప్పు

ఏటి ఒడ్డు, బండి నుంచి
సోమవారం

వదినకి,

నీ మరదలు క్షేమంగానే ఉంది, బండి చక్రాల కింద పడలేదు. ఈ ముక్క ముందే రాసేస్తే మిగతాది నువ్వు స్థిమితంగా చదువుకుంటావని మొదటే రాశాను.

ఇన్నేళ్ళూ పోస్టాఫీసులో కూర్చుని ఊరివాళ్ళ ఉత్తరాలన్నీ వీధులవారీగా వేరుచేశాను గానీ నా పేరున ఒక్కటి వచ్చిన పాపాన పోలేదు. నీకు ఫోనులో వినపడదు కాబట్టి ఇప్పుడు నాకా అదృష్టం పట్టింది. మేం ఆగబోయే ఊళ్ళ పేర్లు వేరే కాగితం మీద రాసి ఇందులో పెడుతున్నాను. కవరు మీద ఆ ఊరి పెద్ద పోస్టాఫీసు పేరు రాసి, కింద ‘మనిషి వచ్చి తీసుకుంటారు’ అని రాయి. కౌంటర్లో దాచి ఉంచుతారు. ఉంచకపోతే ఎవరిని నిలదీయాలో నాకు తెలుసు.

ఇల్లులా సర్దిన ఈ వ్యాన్ బండికి ‘పార్సిల్’ అని పేరు పెట్టాను. లోపల మేం కూడా అలాగే ఉన్నాం, కదలడానికి చోటు లేకుండా. పగలు బల్ల, చీకటి పడితే దాన్ని కిందికి దించి పరుపు పరిస్తే మంచం. ఒకళ్ళు లేవాలంటే రెండోవాళ్ళు కూడా లేవాల్సిందే. మలుపు తిరిగినప్పుడల్లా అలమర తలుపు తెరుచుకుని ఉల్లిపాయలు నా ఒళ్ళో పడుతున్నాయి. పళ్ళేలు గలగలమనకుండా మధ్యలో పాత తువ్వాళ్ళు కుక్కాను. పనులు పంచుకున్నాం. నీళ్ళ ట్యాంకు నింపడం, ఇసుక ఊడవడం, బట్టలు ఉతకడం నావి. మురుగునీళ్ళు పారబోయడం, చక్రాల కింద చెక్కలు పెట్టి బండిని సమం చేయడం, వంట చేయడం మీ తమ్ముడివి.

ఆ వంట సంగతే నీకు చెప్పాలి. మిల్లు గేటు ఎదురుగా అంతకాలం మెస్సు నడిపినవాడు, మిల్లు మిల్లంతా ‘గరిటె’ అని ముద్దుగా పిలిచే మనిషి, ఇక్కడ బంగాళాదుంపలు వేయిస్తే ఒట్టి ఉప్పు. మొన్న గుడ్ల కూర నోట్లో పెట్టుకోగానే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అసలు విడ్డూరం అది కాదు. కూర పొయ్యి మీద ఉండగానే గరిటెతో కాస్త తీసి, ఊది, నా నోటి దగ్గర పెట్టి, “ఎలా ఉంది?” అంటున్నాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆ మాట ఆయన నోట వినలేదు. మెస్సులో ఆయన వండిందే వేదం కదా. ఈ వయసులో ముద్దు చేస్తున్నాడనుకుని సిగ్గుపడ్డాను కూడా. అంత ముచ్చటగా అడిగే మనిషితో బాగాలేదని ఏ నోటితో అంటాను? బాగుందన్నాను. తర్వాత చాటుకి వెళ్ళి చెంబెడు నీళ్ళు తాగాను.

ఇంకో సంగతి. మీ తమ్ముడు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఎక్కడా రెండు పూటలు నిలవనివ్వడు. ఇక్కడ ఏటి ఒడ్డున పక్క బండిలో ఒక టీచరమ్మా, ఆమె భర్తా ఉన్నారు, మంచివాళ్ళు. ఈయన వంటవాడని నేనే గొప్పగా చెప్పాను. అయితే రేపు అందరం కలిసి వండుకుందాం, మీ ఆయన చేతి వంట రుచి చూస్తాం అందామె. అంతే, తెల్లారేసరికి బండి తీసేద్దామన్నాడు. ఉతికిన బట్టలు తాడు మీద ఇంకా తడిగానే ఉన్నాయి. విహారానికి వచ్చామో, ఎక్కడినుంచో పారిపోతున్నామో నాకు అర్థం కావడం లేదు.

నువ్వు ఎలా ఉన్నావు? మొక్కలకి నీళ్ళు పోస్తున్నావా?

నీ మరదలు


మిల్లు వెనక వీధి, మేడ మీది గది
శుక్రవారం

మరదలికి,

ఉత్తరం అందింది. మొక్కలకి నీళ్ళు పోస్తున్నాను. ఒకటి చచ్చింది. అది మీరు వెళ్ళకముందే సగం చచ్చి ఉంది, నా మీద వేయకు.

నా పని మామూలే. బట్టని వెలుతురు బల్ల మీద లాగుతూ తెగిన పోగులు పట్టుకోవడం. కళ్ళు నొప్పి పుడతాయి. గేటు దగ్గర రోజూ ఎవరో ఒకరు ఆపి, గరిటె ఎప్పుడొస్తాడు, మెస్సు ఎప్పుడు తెరుస్తాడు అని అడుగుతున్నారు. పెదవులు చూసి వాళ్ళు అడిగేది తెలుసుకుంటాను. జవాబు చెప్పాల్సి వస్తే మాత్రం వినపడనట్టు వెళ్ళిపోతాను. చెవుడుకి ఆ మాత్రం లాభం ఉండొద్దూ. మెస్సు తలుపు మీద దుమ్ము పేరుకుంది. ఎవడో వేలితో ‘ఆకలి’ అని రాసి పోయాడు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. వంట అవగానే గ్యాస్ సిలిండరు దగ్గరే కట్టెయ్యి. నువ్వే కట్టెయ్యి, వాడి మీద వదలకు. కిటికీ ఒకటి తెరిచి పడుకోండి. పాలు పొయ్యి మీద పెట్టి బయటికి పోకు. వాణ్ణి ఒక్కణ్ణే పొయ్యి దగ్గర వదిలి బట్టలుతకడానికి పోకు. బండి చిన్నది, అందుకని చెప్తున్నాను.

ఇంకొకటి. కూర బాగాలేకపోతే బాగాలేదను. చిన్నప్పుడు వాడు చేసిన మొదటి ముద్ద అన్నం నేను కుక్కకి పెట్టి, కుక్క కూడా తినలేదని వాడితో చెప్పాను. వాడేం చచ్చిపోలేదు. మంచి వంటవాడయ్యాడు. నువ్వూ చెప్పు.

వాడు తొందరపడితే పడనీ. ఊళ్ళు చాలా ఉన్నాయి.

ఉంటాను,
వదిన


లారీలు ఆగే మైదానం
బుధవారం

వదినకి,

నీ ఉత్తరం గ్యాస్ కంపెనీ వాళ్ళు పంపిన నోటీసులా ఉంది. ఆప్యాయంగా నాలుగు ముక్కలు రాస్తావనుకుంటే సిలిండరు గురించి రాశావు. కౌంటర్లో అబ్బాయి నాకు ఉత్తరం ఇస్తూ నవ్వాడు. వచ్చి తీసుకునేవాళ్ళు ఈ రోజుల్లో కూడా ఉన్నారా అన్నాడు. నేనూ ఆ బల్ల వెనక కూర్చున్నదాన్నే అని చెప్తే లేచి కుర్చీ వేశాడు.

సరే, నవ్వులు పక్కన పెడతాను. వదినా, నాకు భయంగా ఉంది.

మీ తమ్ముడు చాటుగా సీసా తీస్తున్నాడు. పొద్దున్నా సాయంత్రం బండి వెనక్కి వెళ్ళి, జేబులోంచి చిన్న సీసా తీసి, మూత విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడుతున్నాడు. నన్ను చూడగానే జేబులో దోపేస్తున్నాడు. జన్మలో మందు ముట్టని మనిషి ఇప్పుడు మొదలుపెట్టాడనుకున్నాను. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు చొక్కా జేబులో చూశాను. మందు కాదు. లవంగాలు! ఇంకో సీసాలో నిమ్మతొక్కలు. చాటుగా లవంగాల సీసా వాసన చూసే మగవాణ్ణి నువ్వెక్కడైనా చూశావా? తాగుడయితే తిట్టేదాన్ని. దీనికి ఏమనాలి? మతి ఏమైనా చెదురుతోందా అని భయం పట్టుకుంది.

నువ్వు వద్దన్న పనే నిన్న చేశాను. పాలు పొయ్యి మీద పెట్టి, ఆయన్ని చూడమని చెప్పి, ఉతికిన బట్టలు ఆరేయడానికి వెళ్ళాను. తిరిగొచ్చి తలుపు తీస్తే గుప్పున గ్యాస్ కంపు. పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాస్ వస్తూనే ఉంది. మీ తమ్ముడు పొయ్యికి వీపు పెట్టుకుని కూర్చుని తాపీగా బంగాళాదుంపల తొక్కు తీస్తున్నాడు. నన్ను చూసి, పాలు కాగాయేమో టీ పెడతానంటూ లేచి లైటరు అందుకున్నాడు. నేను చేతి మీద కొట్టి లాక్కున్నాను. తలుపులన్నీ తెరిచి ఆయన్ని బయటికి ఈడ్చాను. ముక్కు మూసుకుని కూర్చున్నావా అని అరిస్తే, జలుబు చేసిందన్నాడు. తుమ్మూ లేదు, చీమిడీ లేదు, జలుబట.

ఇంత జరిగాక ఇంకో వార్త. ఇక్కడి లారీ డ్రైవరొకడు మాటల్లో చెప్పాడు. సముద్రపు ఊళ్ళో ఓడలు బాగుచేసే పనివాళ్ళ హాస్టలు ఉందట, వంటశాల చూసుకునే పెద్ద వంటవాడు కావాలట. మీ తమ్ముడు ఫోను చేసి మాట్లాడాడు. ఒక పూట అందరికీ వండి చూపించమన్నారు. ఫోను పెట్టేసి నా ముందుకొచ్చి నిలబడి, ఇన్నాళ్ళూ నేను వండినవి నిజంగా బాగున్నాయా అని అడిగాడు. నీ చేతి వంటకి వంకేమిటి అన్నాను. పెళ్ళిచూపుల నాడు కూడా ఆ ముఖం అంత వెలగలేదు. ఆ సంతోషం చూశాక మాట మార్చబుద్ధి కాలేదు.

ఆయనకి ఏదైనా జబ్బా? నన్ను వదిలి ఎటైనా పోవాలనుకుంటున్నాడా? ఇంత హఠాత్తుగా మెస్సు ఎందుకు మూశాడు? నీకు తెలిస్తే చెప్పు. తోబుట్టువువి, నీ దగ్గర దాచడు.

నీ మరదలు


మిల్లు వెనక వీధి
ఆదివారం

మరదలికి,

నీ ఉత్తరం పని చేసే చోటే విప్పి చదివాను. నా చేతుల కింద బట్ట వెళ్ళిపోతూనే ఉంది. ఎన్ని తెగిన పోగులు దాటిపోయాయో తెలియదు. సూపర్‌వైజరు వచ్చి భుజం తట్టాక యంత్రం ఆపాను.

తమ్ముడికి మతి చెదరలేదు. నిన్ను వదిలి ఎక్కడికీ పోడు. వాడికి వాసన తెలియడం లేదు. అంతే సంగతి.

మొన్న చలికాలంలో వాడికి జ్వరం వచ్చి వారం పడుకున్నాడు కదా, అప్పుడు పోయింది. ముక్కు పూర్తిగా పోయింది, నాలుక సగం పోయింది. డాక్టరు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. లవంగాలూ నిమ్మతొక్కా రెండు పూటలా వాసన చూడమన్నది ఆయనే. ఇంకా ఏమీ రాలేదని నీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. మెస్సులో రెండుసార్లు కూర మాడ్చి పారబోశాడు. మూడోసారి ఎవరైనా కనిపెడతారని మెస్సు మూసి, నిన్ను ఊళ్ళు తిప్పుతానని బండి కొన్నాడు. తిన్నవాళ్ళు కనిపెట్టకముందే ఏ ఊరయినా దాటిపోవాలని వాడి ఆత్రం.

నాకు చెప్పాడు. చెవులు పోయినదానికే ముక్కు పోయిన సంగతి చెప్పుకున్నాడు. నీకు చెప్పకూడదని తన నెత్తి మీద నా చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నాడు. నువ్వు కూర ఉప్పగా ఉందని రాస్తావు, అయినా బాగుందన్నానని రాస్తావు. అటు వాడి ఒట్టు, ఇటు నీ ఉత్తరం. అడకత్తెరలో పోకచెక్కలా నలిగాను. అందుకే గ్యాస్ గురించి ఒకటే సొద పెట్టాను. ఆ సొదతో గండం గడుస్తుందనుకున్నాను. గడవలేదు. లైటరు మాట చదివాక ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

ఇంకొకటి కూడా తెలుసుకో. వాడు గరిటె నీ నోటి దగ్గర పెట్టి అడిగేది ముద్దుకి కాదు. వాడికి నిజంగా తెలియక అడుగుతున్నాడు. నువ్వు బాగుందన్న ప్రతిసారీ తన చేతికి వంట ఇంకా గుర్తుందనుకుంటున్నాడు. ఆ ధైర్యంతోనే హాస్టలుకి ఒప్పుకున్నాడు. అక్కడ పనివాళ్ళు పళ్ళేలు తోసేస్తే వాడు తట్టుకోలేడు.

వెళ్ళకముందే వాడికి చెప్పు. నా పేరు చెప్పినా ఫరవాలేదు.

వదిన


కొండ దిగువ ఊరి పోస్టాఫీసు, కౌంటరు పక్క బల్ల
శనివారం

వదినగారికి,

మీ ఉత్తరం ఇక్కడే విప్పాను, ఇక్కడే జవాబు రాస్తున్నాను. బండిలోకి వెళ్ళి రాయడానికి లేదు. అక్కడ మీ తమ్ముడున్నాడు.

మీ నోట్లో నువ్వుగింజ నానదని ఇన్నేళ్ళూ నవ్వుకున్నాను. ఇంత పెద్ద బండరాయిని ఎలా నానబెట్టారండీ? వాసన తెలియని మనిషినీ, ఆ సంగతి తెలియని నన్నూ గ్యాస్ సిలిండరుతో కలిపి ఒక డబ్బాలో పెట్టి పంపించారు. కిటికీ తెరిచి పడుకోమని సలహా రాశారు. నేనా రోజు బట్టలు ఆరేస్తూ పక్కావిడతో ఇంకో రెండు మాటలు మాట్లాడి ఉంటే మీకు ఉత్తరం రాసేవాళ్ళెవరూ మిగిలేవాళ్ళు కారు.

మీకు చెవుల్లేవు, ఆయనకి ముక్కు లేదు, నాకు బుద్ధి లేదు. మంచి కుటుంబం.

దానికన్నా నాకు కడుపు మండింది ఇంకొకందుకు. ఒకే మంచం మీద పడుకునేదాన్ని, జ్వరంలో నుదుటి మీద తడిగుడ్డ వేసినదాన్ని. నాకు చెప్పుకోలేక మీకు చెప్పుకున్నాడు. మీరిద్దరూ నా వెనక ఒట్లు వేసుకున్నారు.

ఇక ఆయనకి చెప్పమంటారా? చెప్పను. పొద్దున్నే లేచి హాస్టలు వంటశాల ఎంత పెద్దదో, కూరగాయలు ఎవరు తరుగుతారో ఊహించుకుంటూ గడ్డం గీసుకుంటున్నాడు. ఈల వేస్తున్నాడు. ఆ ఈల ఆపే పని నా చేత కాదు. నేనూ ఆయనతో పాటు వంటశాలలో నిలబడతాను. ఆయన అటు తిరిగినప్పుడు ఉప్పు నేను చూస్తాను, మంట నేను తగ్గిస్తాను. ఆయనకి తెలియాల్సిన పని లేదు.

మీరిక రాయకండి. రాసినా నేను తీసుకోను.

మరదలు


మిల్లు వెనక వీధి
మంగళవారం

మరదలా,

రాయొద్దన్నావు. నాకు వినపడలేదనుకో.

తిట్టావు. తిట్టాల్సిందే. గారూ గీరూ అన్నావు, అది మాత్రం కొంచెం ఎక్కువైంది.

ఒక సంగతి గుర్తు చేస్తాను. నా చెవులు తగ్గుతున్న రోజుల్లో మగ్గాల గదిలో అందరూ నాతో మాట్లాడినట్టే మాట్లాడి, నేను తప్పు జవాబు చెప్తే నవ్వి ఊరుకునేవాళ్ళు. ఇంట్లో కూడా అంతే. అమ్మ గట్టిగా అరిచేది, తమ్ముడు తలూపేవాడు. పాపం, బాధపడుతుందని. నేనూ వినపడినట్టే తలూపుతూ మగ్గం నడిపాను. మగ్గం ఆపమని వెనకనుంచి ఎవరైనా అరిస్తే వినపడదు కదా. చెయ్యి అందులో పెట్టి ఉంటే?

అప్పుడు కొత్త కోడలివి నువ్వు. నీకేం తెలుసని అందరూ అనుకుంటున్న రోజులు. వంటింట్లో నా గడ్డం పట్టుకుని నీ వైపు తిప్పుకుని, “వదినా, నీకు వినపడటం లేదు. నా పెదాలు చూడు” అన్నావు. ఒక్కదానివే అన్నావు. ఆ చలికాలమంతా నీతో మాట్లాడలేదు నేను. నీ చేతి నీళ్ళు కూడా తాగలేదు. ఆ తర్వాత నేనే వెళ్ళి మగ్గాల గది నుంచి బట్టలు చూసే గదికి మార్చమని అడిగాను. నా పది వేళ్ళూ ఇవాళ ఉన్నాయంటే ఆ మాట వల్లే.

నాకు చెప్పినదానివి వాడికెందుకు చెప్పవు? ఆడపడుచుకి చెప్పడం సులువు, మొగుడికి చెప్పడం కష్టమా?

దొంగచాటుగా ఉప్పు చూస్తానంటున్నావు. మంచిదే. ఒక రోజు నీకు జలుబు చేస్తుంది. ఒక రోజు కాలు బెణికి మంచం దిగలేవు. ఆ రోజు ఏం జరుగుతుంది? హాస్టలు నిండా మనుషులు తింటారు అక్కడ. వాళ్ళు మీ ఇంటివాళ్ళు కారు, బాగుందని అబద్ధమాడడానికి.

కోపం ఉంటే ఉంచుకో. వాడికి మాత్రం చెప్పు.

వదిన


సముద్రపు ఒడ్డు
ఆదివారం

వదినకి,

తీసుకోనన్నాను గానీ, పోస్టాఫీసు కనపడితే నా కాళ్ళు అటే పోతాయి. నీ ఉత్తరం తీసుకున్నాను, చదివాను, పది రోజులకి పైగా జవాబు రాయకుండా దాన్ని దిండు కిందే దాచాను. ఈలోగా ఇక్కడ జరిగింది రాస్తాను.

హాస్టలులో వండి చూపించే రోజుకి ముందు రోజు మధ్యాహ్నం. మీ తమ్ముడు వాళ్ళ దగ్గర పెద్ద గిన్నె ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. రేపు చేయబోయే బీన్సూ టొమాటోలూ ఇవాళ ఒకసారి చేసి చూస్తానన్నాడు. బండిలో పొయ్యికి ఆ గిన్నె పట్టలేదు, సగం బయటికి వేలాడుతూ కూర్చుంది. నేను కిటికీ పక్కన నిలబడి పళ్ళేలు తుడుస్తున్నాను. ముందు తాలింపు వాసన వచ్చింది, తర్వాత మాడు వాసన. నా కళ్ళ ముందే అడుగంటుతోంది. నేను కదల్లేదు, వదినా. ఎప్పుడు చూసి దింపుతాడో అని ఎదురుచూశాను. బండంతా మాడు కంపు నిండిపోయింది. ఆ కంపు మధ్యలో నిలబడి ఆయన ఈల వేస్తున్నాడు. గరిటెతో తీసి, ఊది, నా నోటి దగ్గర పెట్టాడు.

“ఎలా ఉంది?”

“బాగాలేదు,” అన్నాను.

సరిగ్గా వినపడనట్టు చూశాడు. ఏం తక్కువైందన్నాడు. తక్కువ కాదు, అడుగంటింది, ఉప్పు రెండింతలు పడింది అన్నాను. గరిటె కింద పెట్టి, పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకున్నాడు. అక్క చెప్పిందా అని అడిగాడు. చెప్పిందన్నాను. నీ మీద కోప్పడలేదు. ఈ ఒక్క రోజేనా, ముందు కూడా ఇలాగే ఉందా అని అడిగాడు.

“మొదటి నుంచీ,” అన్నాను.

బండి మెట్టు మీద కూర్చున్నాడు. నేనూ వెళ్ళి వెనక నిలబడ్డాను. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

“ముక్కు పోతే పోయింది, నీ ముఖం ఉంది కదా అనుకున్నాను. దాన్ని చూసే వండుతున్నాను ఇన్నాళ్ళూ. ఇప్పుడదీ పోయింది.”

నాకు ఏడుపు ఆగలేదు. నీ వంటని ఎప్పుడూ తక్కువ చేయకూడదని అలా అన్నానని ఏదేదో చెప్పాను. ప్రేమతోనే అన్నానన్నాను. నేనూ ప్రేమతోనే నీకు చెప్పలేదన్నాడు. ఇద్దరం ఒకరినొకరు ఎంత ప్రేమగా గోతిలోకి తోసుకున్నామో చూడు.

చెప్పులేసుకుని హాస్టలుకి నడిచాడు, నేను వెనకే వెళ్ళాను. హాస్టలు నడిపే ఆవిడ ఏవో సంచులు దింపిస్తోంది. ఆవిడ ఎదురుగా నిలబడి, నాకు వాసన తెలియదు, రుచి సగమే తెలుస్తుంది, మీవాళ్ళకి నేను వండలేను అని చెప్పాడు. తల దించుకోలేదు. ఆ మాట నాకు చెప్పుకోలేక బండి కొని ఊళ్ళన్నీ తిరిగిన మనిషి, ముక్కూ మొహం తెలియని ఆవిడకి గడగడా చెప్పేశాడు. ఆవిడ ముందే చెప్పినందుకు మంచిదంది, ఇంకొకళ్ళని చూసుకుంటానంది. అక్కడితో ఆ ఉద్యోగం పోయింది. తిరిగొచ్చి ఇద్దరం ఇసుక వేసి ఆ గిన్నె అడుగు తోమాం. ఎంతకీ వదల్లేదు. చేతులు నొప్పి పుట్టేదాకా తోమి, పట్టుకెళ్ళి ఇచ్చేశాం.

మర్నాడు పొద్దున్నే బండి తీద్దామన్నాడు. తాళం నేను తీసుకుని జేబులో వేసుకున్నాను. ఎక్కడికని అడిగాను. ఎక్కడికైనా అన్నాడు. ఎక్కడికైనా అయితే ఇక్కడ ఉంటే మాత్రం ఏం, నేను కదలనన్నాను. ఈ ప్రయాణంలో నా మాట నెగ్గడం ఇదే మొదలు.

వంట మానేస్తాడేమోనని నా భయం. మానలేదు. గరిటె పట్టుకోకుండా ఉండలేడు కదా. కానీ ఒక షరతు పెట్టాడు. బాగుంది అన్న మాట నా దగ్గర ఇక అనొద్దు, ఏం తక్కువో ఏం ఎక్కువో మాత్రమే చెప్పు అన్నాడు. సరే అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. నేను ఉప్పు తక్కువంటే ఆయన ఉప్పు డబ్బా ముట్టుకోడు. పక్క బండిలో పడవలకి రంగులు వేసే ఆవిడ ఉంది. చిన్న గిన్నెలో కాస్త కూర వేసుకుని ఆవిడ దగ్గరికి వెళ్తాడు. ఆవిడా తక్కువంటేనే తిరిగొచ్చి వేస్తాడు. మొదటి రోజు ఆవిడ ఇదేదో పక్కింటి మర్యాద అనుకుని సంతోషంగా తినేసింది. తర్వాత సంగతి తెలిసి నా వైపు జాలిగా చూడడం మొదలుపెట్టింది. కాపురం చేసిన పెళ్ళాం మాట నమ్మక, రంగుల డబ్బాల ఆవిడ మాట నమ్ముతున్నాడు. రోజూ ఆ గిన్నె పట్టుకుని మెట్లు దిగుతుంటే కిటికీలోంచి చూస్తూ ఉండేదాన్ని. నమ్మకం పోగొట్టుకున్నది నేను.

ఉప్పు తక్కువ, పులుపు ఎక్కువ, ఉల్లిపాయ ఇంకా పచ్చిగా ఉంది, ఇంకో నిమిషం ఉంచు. ఇలా ఉన్నది ఉన్నట్టు చెప్తూ వచ్చాను. ఒక రోజు గుడ్డు కంపు కొడుతోందన్నాను. ముఖం మాడ్చుకున్నాడు గానీ ఆవిడ కూడా ముక్కు మూసుకునేసరికి పారబోశాడు. గ్యాస్ కట్టే పని నాది, ఆయన లైటరు ముట్టుకోడు. నేను వెలిగించి ఇస్తే ఆయన వండుతాడు. మా ఇద్దరి మధ్య ఆ పొయ్యి చుట్టూ తప్ప మాటలు కూడా పెద్దగా లేవు.

ఇవాళ బంగాళాదుంపలు వేయించి అందులో గుడ్లు కొట్టాడు. బయట గాలి ఎక్కువగా ఉండి బండి ఊగుతోంది. గరిటెతో తీసి ఇచ్చాడు. నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు సరిపోయింది. అంచులు ఎర్రగా కరకరలాడుతున్నాయి, లోపల మెత్తగా ఉంది. మెస్సు మంచి రోజుల్లో ఉన్నప్పుడు చేసినట్టే ఉంది. ఏం తక్కువని చెప్పను? ఏం ఎక్కువని చెప్పను? ఆ ఒక్క మాట అనడానికి లేదు, ఇంకో మాట నాకు దొరకలేదు. ఆయన నా నోటి వంక చూస్తూ నిలబడ్డాడు. నేనేమీ అనకపోయేసరికి నిట్టూర్చి, అలవాటుగా చిన్న గిన్నెలోకి కాస్త తీసుకుని తలుపు వైపు తిరిగాడు.

నేను పళ్ళెం తెచ్చుకుని ఆయన ముందు చాపాను. పెట్టాడు. అక్కడే నిలబడి, వేడి వేడిగా, నోరు కాల్చుకుంటూ మొత్తం తినేశాను. మళ్ళీ చాపాను. గిన్నె ఒక చేతిలో, గరిటె ఒక చేతిలో పట్టుకుని ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. నేను ముఖం తిప్పుకోలేదు. చూసుకోనిచ్చాను.

ఆ చిన్న గిన్నెలోది కూడా నా పళ్ళెంలోనే ఒంపి, తనకీ పళ్ళెం తెచ్చుకున్నాడు. పక్కావిడకి ఇవాళ ఏమీ మిగల్లేదు, వదినా. మేమిద్దరమే తినేశాం.

నీ మరదలు